కాపు, కాపురం, కాచుకోవడం

భూమి అమ్మకం దస్తావేజులో మనిషికి పేరొక్కటే చాలదు. తండ్రి పేరు, వయసు, వృత్తి రాశాక ‘ఫలానా గ్రామ కాపురస్థులు’ అన్న మాట పడాలి. కొందరు లేఖరులు వాస్తవ్యులు అంటారు, కొందరు నివాసి అంటారు. పాత దస్తావేజులు తిరగేస్తే తరచుగా కంటబడేది మాత్రం కాపురస్థులే. కాపురం తెలుగు, చివరనున్న స్థుడు సంస్కృతం. ఇలాంటి కలయికను మన వ్యాకర్తలు వైరి సమాసమని పక్కన పెట్టారు. వాళ్ల అభ్యంతరాన్ని కచేరీలు పట్టించుకోలేదు. ఒక మనిషి ఒక ఊరికి చెందినవాడని చెప్పడానికి అంతకంటే బలమైన మాట కచేరీలకు దొరకలేదు.

హెచ్-1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద పదిహేనేళ్లుగా అమెరికాలో ఉన్న కొడుకు, ఊళ్లో తన వాటా పొలం అమ్మిపెట్టమని తండ్రికి జీపీఏ పంపించాడనుకుందాం. ఆ కాగితంలో అతన్ని ఎక్కడి కాపురస్థుడని రాయాలి? పుట్టిన ఊరి పేరు రాయవచ్చు గాని అక్కడ అతని పొయ్యి వెలగదు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో అని రాయవచ్చు. ఇల్లు అక్కడుంది, ఇంటి మీద అప్పు అక్కడుంది, పిల్లల బడి అక్కడుంది. అయితే అమెరికా చట్టం ఆ మాట ఒప్పుకోదు. 1952 నాటి ఇమ్మిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్ లెక్కలో అతను నాన్-ఇమ్మిగ్రెంట్, అంటే వలస వచ్చినవాడు కాదు. పదిహేనేళ్లు పన్ను కట్టినా వచ్చినట్టు కాదు. ఆ వరసలోంచి వచ్చినవారి వరసలోకి దాటడాన్నే మనవాళ్లు గ్రీన్ కార్డు రావడం అంటారు, పత్రికలు శాశ్వత నివాసం అంటాయి.

పత్రికల మాట నాకు నచ్చదు. తప్పని కాదు, చాలదని. వాసం అన్న మాటకు మూలమైన వస్ ధాతువుకు ఉండటంతో పాటు రాత్రి గడపడమనే అర్థం కూడా ఉంది. ఒక్క రాత్రి తలదాచుకున్నా వాసమే. అందుకే దానికి ముందు ఏదో ఒకటి చేరితేగాని అది ఎలాంటి ఉనికో తెలియదు: వనవాసం, అజ్ఞాతవాసం, కారాగారవాసం, ప్రవాసం. ఈ వరస చూడండి, మనిషి తన ఇంట్లో లేని స్థితులే ఎక్కువ. పాండవులు పన్నెండేళ్లు చేసింది వాసమే, పదమూడో ఏట విరాటుని కొలువులో దాక్కుని చేసిందీ వాసమే. నివాసం కొంత నయం. దాని ముందు శాశ్వతం చేర్చగానే మాత్రం అది మనుషులు వాడుకునే మాట కాకుండా పోతుంది. శాశ్వతమైన నివాసం ఎవరికుంది?

వాసం కాకపోతే మకాం ఉంది. ఆ మాట అరబ్బీ నుంచి వచ్చింది. మూలంలో నిలబడే చోటని అర్థం. మరాఠీవాళ్లు ఉత్తరం మీద చిరునామా రాసేటప్పుడు ‘ము. పో.’ అని మొదలుపెడతారు, ముక్కాం పోస్టు అన్నమాట. అంటే ఇంటి చిరునామాకే వాళ్లు ఆ మాట వాడుకున్నారు. తెలుగులో అది తిరిగే అధికారి దగ్గరా, ఊరూరా ఆడే నాటకం కంపెనీ దగ్గరా ఆగిపోయింది. కలెక్టరు మకాం వేస్తాడు, ఎత్తేస్తాడు, మారుస్తాడు. అదే మాట పక్క రాష్ట్రంలో స్థిరం, మన దగ్గర తాత్కాలికం. హెచ్-1బీని అచ్చంగా చెప్పమంటే నేను మకాం అంటాను: మొదట మూడేళ్లు, పొడిగిస్తే మొత్తం ఆరేళ్లు, తరవాత ఎత్తేయాలి. ఆ వీసాను తెచ్చిన 1990 అమెరికా చట్టం దాన్ని ఊహించింది అలాగే.

ఇక కాపురం. దీని వెనక ఉన్నది కాపు, కాపు వెనక ఉన్నది కాచు. కాచు అంటే కాపాడటం. పొలం కాస్తాం, గొర్రెలు కాస్తాం, పరీక్ష రాసే పిల్లకు తోడుగా రాత్రి మేలుకుని కాస్తాం. కాపరి, కావలి, కాపలా, కాపుదల అన్నీ ఈ కుదుటివే. కాపు అంటే ఈరోజు ఒక కులం పేరుగా వినిపిస్తుంది గాని, బ్రౌన్ 1852లో అచ్చువేసిన నిఘంటువు చూస్తే రక్షకుడు, రైతు, ఊళ్లో ఉండేవాడు అనే అర్థాలన్నీ ఆ ఒక్క మాట కిందే కనిపిస్తాయి. కాచేవాడే ఊరివాడు. పైరును పిట్టలనుంచి, చెరువుకట్టను గండినుంచి, గాదెను ఎలుకలనుంచి కాచుకుంటూ ఒక చోట ఉండటమే కాపురం. ఆ చోటు మీద హక్కు ఎవరిచ్చారన్నది ఈ మాటకు పట్టదు. అక్కడ నువ్వు చేస్తున్న పనినే అది చూస్తుంది.

కాచుకు రెండో అర్థం ఉంది: ఎదురుచూడటం. దారి కాస్తాం, కాచుకుని కూర్చుంటాం. తమిళంలో కాత్తిరు అంటే వేచి ఉండు. విడదీస్తే కాచి ఉండు. కన్నడంలో కాయు అన్న ఒక్క క్రియే కావలికీ పనికొస్తుంది, నిరీక్షణకూ పనికొస్తుంది. ఇంగ్లిషువాళ్ల వెయిట్ కూడా మొదట్లో కావలి కాయడమే. పాలు కాచడం, చెట్టు కాయడం మాత్రం వేరు. పైకి ఒకే రూపంగా కనిపించినా బరో, ఎమెనో తమ ద్రావిడ నిఘంటువులో వాటిని విడి పద్దుల్లో పెట్టారు. అందమైన ఊహల కోసం అన్నింటినీ ఒకటే మూలానికి ముడిపెట్టడం పదచర్చకు మంచిది కాదు. కాపాడటం, ఎదురుచూడటం రెండూ ఒకటే మూలమన్నది మాత్రం గట్టి నేల. రాత్రంతా మంచె మీద కూర్చున్నవాడు ఏం చేస్తున్నాడు? కాపాడుతున్నాడా, ఎదురుచూస్తున్నాడా? రెండింటినీ విడదీయలేం.

అందుకే హెచ్-1బీ నుంచి గ్రీన్ కార్డు దాకా నడిచే దారికి తెలుగులో ఇంతకంటే తగిన మాట లేదనుకుంటాను. ఆ దారి ఎలా ఉంటుందో చెబుతాను. ముందు కంపెనీ లేబర్ సర్టిఫికేషన్ పెట్టాలి. ఈ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని ప్రకటనలిచ్చి, వచ్చిన దరఖాస్తులు చూసి, రుజువు చేయాలి. 2005 నుంచి దీన్ని పెర్మ్ అంటున్నారు. అది పెట్టిన రోజే ఉద్యోగి ప్రయారిటీ డేటు, వరసలో అతని చోటు తేల్చే తేదీ. తరవాత కంపెనీ పెట్టే పిటిషన్ ఐ-140, చివర్న ఉద్యోగి పెట్టే గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485. చివరి మెట్టు ఎక్కాలంటే ఆ ఏడాది కోటాలో చోటుండాలి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి మామూలుగా 1,40,000. భార్యాపిల్లలు కూడా అందులోనే లెక్క. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతం మించకూడదు. ఈబీ-2 అనే తరగతిలో ఆ లెక్కన మనకు వచ్చేవి ఏడాదికి దాదాపు 2,800. మిగతా దేశాలు వాడుకోకుండా వదిలేసినవి ఉంటే మరికొన్ని. ఇటీవలి సంవత్సరాల్లో హెచ్-1బీ ఆమోదాల్లో 70 శాతానికి పైగా భారత్‌లో పుట్టినవారివే. ఒక వైపు పెద్ద వాకిలి, మరో వైపు సూది బెజ్జం. ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్లు 2024లో చూస్తే, ఈబీ-2లోనూ దాని తరవాతి తరగతి ఈబీ-3లోనూ మనవాళ్లకు కార్డు ఇచ్చే తేదీలు 2012 దాటలేదు. అంటే పన్నెండేళ్ల కిందట పెర్మ్ పెట్టినవాళ్ల వంతు అప్పుడు నడుస్తోంది.

ఇక్కడ లెక్క కట్టేది పౌరసత్వాన్ని కాదు, పుట్టిన చోటును. గుంటూరులో పుట్టి కెనడా పాస్‌పోర్టు తీసుకున్నా భారత్ వరసలోనే నిలబడాలి. భార్యో భర్తో వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ వరసలోకి మారవచ్చు. లేకపోతే పురుడు పోసుకున్న ఆసుపత్రి ఏ ఊళ్లో ఉందన్నదే నలభై ఏళ్ల వయసులో అతను ఎంతకాలం కాచుకోవాలో తేలుస్తుంది. 2019 జూలైలో అమెరికా ప్రతినిధుల సభ ఈ దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లును 365–65 ఓట్లతో ఆమోదించింది. మరుసటి ఏడాది డిసెంబరులో సెనేట్ తన సొంత రూపం ఆమోదించింది. రెండూ ఒకటి కాలేదు, చట్టం రాలేదు.

డాలస్ పార్కుల్లో, ఎడిసన్ గుడి వంటశాలల్లో, బే ఏరియా పుట్టినరోజు విందుల్లో తెలుగువాళ్లు కలిసినప్పుడు పలకరింపు తరవాత వచ్చే ప్రశ్న ‘మీ పీడీ ఎప్పుడు?’ పీడీ అంటే ప్రయారిటీ డేటు. పెళ్లిరోజు తడుముకునేవాళ్లు కూడా పీడీ తడుముకోకుండా చెబుతారు. డేటు కదిలింది, ఆగింది, వెనక్కెళ్లింది, కరెంట్ అయింది అంటారు. కరెంట్ అయిందంటే వంతు వచ్చినట్టు. ‘ఇంకా కరెంట్ కాలేదమ్మా’ అని కొడుకు ఫోన్లో అంటే, కోతల కాలాలు చూసిన తల్లి అంత పెద్ద దేశంలో కరెంటు లేకపోవడమేమిటని మొదట కంగారుపడి, తరవాత్తరవాత ఆ భాష నేర్చుకుంది. నెలనెలా బులెటిన్ వచ్చే వారంలో ఇప్పుడామే అడుగుతుంది, ‘ఏరా, డేటేమన్నా కదిలిందా?’ అని. కావలి కాయడం ఒక్కరి పని కాదు కదా.

2007 జూలై గురించి ఒక్క మాట చెప్పాలి. ఆ నెల బులెటిన్‌లో ఉద్యోగ తరగతులు దాదాపు అన్నీ కరెంట్ అయ్యాయి. జనం సెలవులు పెట్టి, వైద్య పరీక్షలు చేయించుకుని, కాగితాలు సర్దుకున్నారు. జూలై 2న ప్రభుత్వం చోట్లు అయిపోయాయని వెనక్కి తీసుకుంది. గొడవ చేయాల్సిన చోట మనవాళ్లు పువ్వులు పంపారు. ఆ ముందటేడు వచ్చిన మున్నాభాయి సినిమా నేర్పిన గాంధీగిరి. జూలై 10న వందలాది పూలగుత్తులు ఇమ్మిగ్రేషన్ శాఖ డైరెక్టరు కార్యాలయానికి చేరాయి. ఆయన వాటిని గాయపడిన సైనికుల ఆసుపత్రికి పంపించారు. జూలై 17న నిర్ణయం మార్చుకుని ఆగస్టు 17 వరకు దరఖాస్తులు తీసుకున్నారు. కాచుకున్నవాళ్లు గొంతు విప్పిన అరుదైన సందర్భమది.

క్రియల్లో కూడా ఈ తేడా ఉంది. ‘మావాడు డాలస్‌లో ఉన్నాడు’ అంటే ప్రస్తుతం అక్కడ దొరుకుతాడు. ‘ఉంటున్నాడు’ అంటే కొంతకాలంగా అక్కడ, రేపటి మాట తెలియదు. ‘ఉంటాడు’ అంటే అతని ఊరు అదే. తెలుగులో ఈ మూడోదే భవిష్యత్తు కూడా. అలవాటుగా ఉండటానికీ, ఇకముందు ఉండబోవడానికీ మనకు వేరువేరు రూపాలు లేవు. ఒక చోట నిజంగా ఉండేవాడు రేపూ ఉంటాడనే భాష నమ్మింది. అమెరికా చట్టం ఈ విషయం చాలాకాలం ఒప్పుకోలేదు. తాత్కాలిక వీసా మీద వచ్చినవాడికి శాశ్వతంగా ఉండే కోరిక ఉంటే అది మోసమని చూసేది. 1990లో హెచ్-1బీకి మినహాయింపు ఇచ్చింది: తాత్కాలికంగా వస్తూనే శాశ్వతంగా ఉండాలని కోరుకోవచ్చు. 2000లో మరో చట్టం ఐ-140 ఆమోదం పొందినవారికి, వంతు వచ్చేదాకా ఆరేళ్లు దాటినా మూడేళ్ల చొప్పున పొడిగింపులకు దారి చూపింది. దాంతో మకాం ఎత్తేయాల్సిన అవసరం పోయింది, కాపురమని ఒప్పుకోవడమూ జరగలేదు. ఉద్యోగం పోతే మాత్రం కొత్తది వెతుక్కోవడానికి గడువు 60 రోజులు. కాపు కాస్తున్న చేను రెండు నెలల్లో ఖాళీ చేయమనడం అన్నమాట.

కాపురానికి ఇంకో ముఖం దాంపత్యం. కూతుర్ని కాపురానికి పంపుతాం, కొత్త జంట కాపురం పెడుతుంది, అన్నదమ్ములు వేరు కాపురాలు పెడతారు. ఇల్లు కాయడానికి ఇద్దరుండాలని ఆ మాటలోనే ఉంది. వీసా భాషలో ఒకరు ఉద్యోగి, రెండోవారు డిపెండెంట్. హెచ్-4 అనే ఆ డిపెండెంట్ వీసా మీద వెళ్లిన ఇంజనీర్లు, డాక్టర్లు, టీచర్లు ఎంతమందో చేతులు కట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. భర్తకో భార్యకో ఐ-140 ఆమోదమైతే పని చేసుకోవచ్చని 2015 మేలో అనుమతి వచ్చింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతలో హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతిద్వేషంతో కాల్చి చంపినప్పుడు, భార్య సునయన దుమాల ఆ ఒక్క రాత్రిలో రెండు పోగొట్టుకున్నారు: భర్తను, ఆ దేశంలో ఉండే అర్హతను. తానెన్నో ఏళ్లు ఉన్న ఇంటికి తిరిగి రావడానికి ఆమెకు ఒక కాంగ్రెస్ సభ్యుడి సాయం కావలసి వచ్చింది. ఆమె మళ్లీ అదే ఊరికి వెళ్లారు, ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేస్తున్నారు. కాచడమంటే ఇదేనని చెప్పడానికి నాకు ఇంతకంటే నిండైన ఉదాహరణ తెలియదు.

మనవాళ్లలో కాగితం లేకుండా కాపు కాసిన మొదటితరం మనిషి ఎల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి 1920లలో హార్వర్డ్ చేరారు. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించారు. 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే హెట్రజాన్ ఆయన బృందాల నుంచి వచ్చాయి. భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని అక్కడి సుప్రీంకోర్టు 1923లోనే తేల్చేసింది. 1946లో లూస్–సెల్లర్ చట్టం తలుపు కొంచెం తెరిచింది, ఏడాదికి 100 మందికి. 1948లో న్యూయార్క్‌లో ఆయన కన్నుమూసేనాటికి ఇంకా విదేశీయుడే. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. రెండు అర్థాల్లోనూ ఆయనకు అక్కడ కాపురం దక్కలేదు. ఆయన కాచిన ప్రాణాలు మాత్రం రెండు దేశాల్లోనూ ఉన్నాయి.

మొదట చెప్పిన 1952 చట్టం శాశ్వతమన్న మాటను ఎలా నిర్వచించిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నిలిచి ఉండే స్వభావం గల సంబంధం శాశ్వతం. ఏదో ఒకనాడు ప్రభుత్వమో ఆ వ్యక్తో తెంచుకోగలిగినది అయినా సరే. అదే చట్టంలో నివాసానికి అర్థం, ఉద్దేశంతో పని లేకుండా మనిషి వాస్తవంగా ఉండే ఇల్లు. ఈ రెండో నిర్వచనం రాసిన చెయ్యి మన దస్తావేజు లేఖరిదా అనిపిస్తుంది. ఆ అర్థంలో హెచ్-1బీ మనిషి ఏనాడో నివాసి. శాశ్వతమనే గ్రీన్ కార్డు కూడా పదేళ్లకోసారి మార్చుకోవాల్సిందే. కార్డు వచ్చాక ఆ దేశంలో ఉండకుండా ఏడాదికి పైగా బయట గడిపితే, ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే, నివాసం వదిలేసుకున్నట్టు లెక్క కట్టవచ్చు. ముసలి తండ్రి మంచాన పడితే కార్డున్న కొడుకు ఇక్కడ నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేది అందుకే. అంటే శాశ్వత నివాసం కూడా ఒకసారి ఇచ్చేసి ఊరుకునే వస్తువు కాదు, కాస్తూ ఉంటేనే నిలిచేది. తాత్కాలికుడు ఏం చేస్తున్నాడో శాశ్వతుడూ అదే చేస్తున్నాడు. తేడా ఒకరి కావలిని చట్టం గుర్తించడంలో, మరొకరిది గుర్తించకపోవడంలో ఉంది. నా తగాదా అంతా దాని గురించే. పదిహేనేళ్లు ఇల్లు, వీధి, బడి, ఆసుపత్రి కాచినవాణ్ణి ఇంకా రానివాడనడం భాషకు చేసే అన్యాయం, మనిషికి చేసే అన్యాయం.

మన ఊళ్ల పేర్లు చూడండి. ఉత్తరాంధ్రలో కొత్తవలస ఉంది, ఆమదాలవలస ఉంది. ఆ చుట్టుపక్కల వలస చివర వచ్చే ఊళ్లు ఇంకా చాలా ఉన్నాయి. వలస అంటే బతుకు కోసమో భయం చేతనో ఉన్నచోటు వదిలి వెళ్లడం. పోవడానికి పెట్టిన పేరు చేరినచోట ఊరి పేరై, రైల్వే స్టేషన్ బోర్డుకెక్కింది. ఆ ఊళ్లలో పుట్టినవాణ్ణి వలసదారు అని ఎవరూ అనరు. అతను ఆమదాలవలస కాపురస్థుడు, అంతే.

కాచుకునే పెద్దలకు భాషలో ఇంత ఆసరా ఉంది. పిల్లల దగ్గరికి వచ్చేసరికి నాకు మాట దొరకడం లేదు. రెండేళ్ల వయసులో తల్లి చంకనెక్కి వెళ్లిన పిల్ల అక్కడే అక్షరాలు నేర్చి, అక్కడే హైస్కూలు ముగించి, 21 నిండేనాటికి తల్లిదండ్రుల పీడీ ఇంకా కరెంట్ కాకపోతే హెచ్-4 పోతుంది. పిల్లల వయసు లెక్కలో కొంత ఊరటనిస్తూ 2002లో ఒక చట్టం వచ్చింది. పిటిషన్ పరిశీలనలో గడిచిన కాలాన్ని అది వయసులోంచి తీసేస్తుంది గాని, వరసలో నిలబడ్డ కాలాన్ని తీసేయదు. అప్పుడు ఆ పిల్ల చదువు సాగాలంటే స్టూడెంట్ వీసా అడగాలి. ఆ వీసాకు చట్టం పెట్టిన షరతు, పరాయి దేశంలో వదులుకునే ఉద్దేశం లేని నివాసం ఉండాలని. ఆమెకు ఆ పరాయి దేశం మనది. ఊహ తెలియని నాడు విడిచి, సెలవులకు మాత్రం వచ్చిన చోటు తన నివాసమని, ఊహ తెలిసిన నాటి నుంచీ తిరిగిన ఊరు తన మకామని ఆమె రుజువు చేయాలి. దరఖాస్తులో ఆ గడి దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరు హైదరాబాదులో తాతగారి ఫ్లాట్ నంబరు చెబుతారు.